గినీ పంది ఎలుకకు చుట్టమేనా? ప్రోటీన్ సీక్వెన్స్‌లు పోల్చి తేల్చుకోవడం ఎలా

"ఎలుకల వంశవృక్షం వేశాను సార్, గినీ పంది వెళ్లి ఆవు పక్కన కూర్చుంది. ఇప్పుడేం చేయాలి?" జువాలజీ, బయోటెక్నాలజీ పీజీ ప్రాజెక్టుల సీజన్ మొదలైందంటే నాకు వచ్చే ప్రశ్న ఇదే. జంతువు పేరు మారుతుందేమో గానీ బాధ మారదు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పి గొంతు పోయింది కాబట్టి అంతా ఒకచోట రాస్తున్నాను.

ముందు కాస్త ధైర్యం చెబుతాను. మీకంటే చాలా పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. 1991లో డాన్ గ్రౌర్, మరో ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రోటీన్ సీక్వెన్స్‌లు (అంటే ప్రోటీన్లో అమైనో ఆమ్లాల వరస, ఒక్కోదానికి ఒక్కో అక్షరం) పోల్చి, అసలు గినీ పంది రోడెంటేనా (ఎలుకలు, ఉడుతలు ఉండే వర్గానిదేనా) అని నేచర్ పత్రికలో సందేహం లేవనెత్తారు. 1996లో అదే పత్రికలో ఇంకో బృందం మైటోకాండ్రియా జీనోమ్ చూసి కాదని తేల్చేసింది. ఆ తర్వాత ఎక్కువ జంతువులను, ఎక్కువ జన్యువులను చేర్చి, మెరుగైన మోడళ్లతో చూస్తే గినీ పంది మళ్లీ ఎలుకల గూటికే చేరింది. కాబట్టి మీ చెట్టు వింతగా వచ్చిందంటే కొత్త విషయం కనిపెట్టామని సంబరపడకండి, చేతకాలేదని టెన్షన్ కూడా పడకండి. ఎక్కడ తేడా కొట్టిందో వెతకండి.

ఏమేం కావాలి

మామూలు ల్యాప్‌టాప్ చాలు. ఇంటర్నెట్ సీక్వెన్స్‌లు దింపుకునే వరకే కావాలి. సాఫ్ట్‌వేర్ 'మెగా' ఒక్కటి ఉంటే సరిపోతుంది. అది ఉచితం, అలైన్‌మెంట్ (సీక్వెన్స్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చి, సరిపోయే అక్షరాలను ఒకే నిలువు వరుసలోకి తేవడం) దగ్గర నుంచి చెట్టు దాకా అన్నీ అందులోనే అయిపోతాయి. కమాండ్లు టైప్ చేయడం అలవాటున్నవాళ్లు 'మాఫ్ట్'తో అలైన్ చేసి 'ఐక్యూ-ట్రీ'తో చెట్టు వేసుకోవచ్చు. నోట్‌ప్యాడ్ లాంటి సాదా టెక్స్ట్ ఎడిటర్ ఒకటి ఉంచుకోండి. వర్డ్‌లో మాత్రం సీక్వెన్స్‌లు పెట్టకండి. గ్యాప్ గుర్తులను (అక్షరం లేని చోట పెట్టే చిన్న గీతలను) అది పొడుగు గీతలుగా మార్చేస్తుంది, ఫైల్ తెరుచుకోక మీరు అర్ధరాత్రి దాకా తల పట్టుకుంటారు.

వీటితో పాటు ఒక ఎక్సెల్ షీట్. ఏ జంతువు, దాని శాస్త్రీయ నామం, యాక్సెషన్ నంబరు (డేటాబేస్‌లో ఆ సీక్వెన్స్‌కు ఉండే గుర్తింపు సంఖ్య), ఎన్ని అక్షరాల పొడవు, ఏ తేదీన దింపారు అన్నవి అందులో రాస్తూ పోండి. ఇప్పుడు బద్ధకిస్తే రిపోర్టు రాసే రోజు ఏడవాల్సి వస్తుంది.

1. జంతువుల జాబితా రాసుకోండి

పేర్లు చూసి మోసపోకండి. పందికొక్కు, గినీ పంది, ముళ్లపంది ఈ మూడింటిలో ఒక్కటీ పంది కాదు, మూడూ రోడెంట్లే. గోడ వారన కీచుమంటూ పరిగెత్తే కంపు చుంచు చూడటానికి ఎలుకలా ఉన్నా రోడెంట్ కాదు, పురుగులు తినే జంతువుల వర్గానికి చెందింది. కుందేలు కూడా రోడెంట్ కాదు గానీ వాటికి దగ్గరి చుట్టం.

మన ప్రాజెక్టుకు ఈ జాబితా బాగుంటుంది: చిట్టెలుక (మస్ మస్కులస్), నల్ల ఎలుక (రాటస్ రాటస్), ల్యాబ్ ఎలుక (రాటస్ నార్వెజికస్), పందికొక్కు (బాండికోటా), హామ్‌స్టర్ (మెసోక్రిసెటస్ ఆరేటస్), ఉడుత (సైయురస్ లేదా మన చారల ఉడుత ఫునాంబులస్), గినీ పంది (కేవియా పోర్సెల్లస్), ముళ్లపంది (హిస్ట్రిక్స్), వెంట్రుకలు లేని మోల్ ర్యాట్ (హెటెరోసెఫాలస్ గ్లేబర్). వీటికి తోడు బయటివాళ్లుగా కుందేలు, మనిషి.

బయటివాళ్లు ఎందుకంటే చెట్టు మొదలు ఎక్కడుందో చెప్పడానికి. ఆ పనికి కోడినో చేపనో పెట్టకండి. మరీ దూరపు జంతువు పెడితే, లోపల ఎవరి సీక్వెన్స్ వేగంగా మారిందో వాళ్లను అది తన వైపు లాగేసుకుంటుంది. గినీ పంది గొడవలో ఇలాంటి లాగుడు పాత్ర పెద్దదే. రోడెంట్లలో ఎలుక, గినీ పంది అని రెండు మూడు పేర్లే పెట్టి చెట్టు వేసినా అదే చిక్కు. పొడుగు కొమ్మను (అంటే ఎక్కువగా మారిన సీక్వెన్స్ కొమ్మను) మధ్యలో విరిచే బంధువులు ఉండాలి. గినీ పందికి తోడుగా ముళ్లపందిని, మోల్ ర్యాట్‌ను పెట్టమన్నది అందుకే.

వెతికేటప్పుడు ఎప్పుడూ శాస్త్రీయ నామమే వాడండి. ఇంగ్లిష్‌లో బాండికూట్ అన్న మాట మన పందికొక్కు నుంచి పుట్టిందే. కానీ ఆ పేరును తర్వాత ఆస్ట్రేలియాలో సంచిలో పిల్లల్ని మోసే జంతువులకూ పెట్టేశారు. డేటాబేస్‌లో బాండికూట్ అని కొట్టి, కంగారూ చుట్టాన్ని ఎలుకల మధ్య కూర్చోబెట్టిన ప్రాజెక్టు ఒకటి నా కళ్లారా చూశాను.

2. ఏ ప్రోటీన్ అన్నది తేల్చుకోండి

సగం తప్పులు పుట్టేది ఇక్కడే, కాస్త ఓపిగ్గా చదవండి. రెండు షరతులున్నాయి. ప్రోటీన్ మరీ నెమ్మదిగా మారకూడదు, మరీ వేగంగానూ మారకూడదు. ఇంకా, ఒక్కో జంతువులో దానికి ఒకే కాపీ ఉండాలి.

సైటోక్రోమ్ సీ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది కాబట్టి అందరి చూపూ దాని మీదే. 104 అమైనో ఆమ్లాలున్న ఆ ప్రోటీన్ చిట్టెలుకలోనూ ల్యాబ్ ఎలుకలోనూ అక్షరం తేడా లేకుండా ఒకటే. తేడా లేనప్పుడు ఎవరు ఎవరికి దగ్గరో అది ఏం చెబుతుంది? మనిషికీ ఈస్ట్‌కీ మధ్య దూరం కొలవడానికి పనికొస్తుంది గానీ ఎలుకల ఇంటి గొడవలకు కాదు.

ఇన్సులిన్ దానికి పూర్తిగా ఎదురు. గినీ పంది ఇన్సులిన్ మిగతా క్షీరదాల ఇన్సులిన్ కంటే విపరీతంగా మారిపోయింది. బీ గొలుసులో పదో స్థానంలో జింక్‌ను పట్టుకునే హిస్టిడిన్ కూడా దానికి లేదు. ఒక్క ఇన్సులిన్ మీదే ఆధారపడితే గినీ పంది ఎక్కడికో కొట్టుకుపోతుంది. పైగా ఎలుకల్లో ఇన్సులిన్ జన్యువులు రెండు. నా మొదటి ప్రాజెక్టులో ల్యాబ్ ఎలుక నుంచి ఇన్సులిన్-1, చిట్టెలుక నుంచి ఇన్సులిన్-2 తీసుకున్నాను, తెలియక. బీ గొలుసులో రెండు చోట్ల తేడా కనిపించింది. దాని మీద పేజీన్నర పరిణామ కథ అల్లాను. వైవాలో ఎగ్జామినర్ నవ్వి, "బాబూ, ల్యాబ్ ఎలుక ఇన్సులిన్-1ను చిట్టెలుక ఇన్సులిన్-1తో పోల్చి చూశావా?" అన్నారు. ఇంటికెళ్లి చూస్తే ఆ రెండూ అచ్చు ఒకటే. నేను పోల్చింది రెండు జంతువులను కాదు, ఒకే జంతువులో ఉండే రెండు కాపీలను. హీమోగ్లోబిన్ జోలికి వెళ్లొద్దనేది కూడా ఇందుకే, దాని కాపీలు ఇంకా ఎక్కువ.

మొదటిసారి చేసేవాళ్లకు నా సలహా సైటోక్రోమ్ బీ. మైటోకాండ్రియాలో ఒకే కాపీ, దాదాపు 380 అమైనో ఆమ్లాలు, ఎలుకల్లో లెక్కలేనన్ని జాతులకు దొరుకుతుంది. లోపాలూ ఉన్నాయి, చివర్లో చెబుతాను.

3. సీక్వెన్స్‌లు దింపుకోండి

యూనిప్రాట్ అనే ప్రోటీన్ల డేటాబేస్‌లో చిట్టెలుక సైటోక్రోమ్ బీ నంబరు పీ00158, ల్యాబ్ ఎలుకది పీ00159, మనిషిది పీ00156. ఈ మూడింటితో మొదలుపెట్టి మిగతావి శాస్త్రీయ నామంతో వెతకండి. అక్కడ దొరకనివి ఎన్‌సీబీఐ ప్రోటీన్ విభాగంలో ఉంటాయి. పూర్తి మైటోకాండ్రియా జీనోమ్ నుంచి వచ్చినదైతే మరీ మంచిది. అన్నిటినీ ఫాస్టా ఫార్మాట్‌లో (పైన పేరు లైన్, కింద సీక్వెన్స్) తీసుకోండి.

పొడవు చూడకుండా ఏదీ తీసుకోవద్దు. సైటోక్రోమ్ బీ ఎంట్రీల్లో సగం ముక్కలే ఎక్కువ. 130 అక్షరాల ముక్క ఒకటి చేరి, సాఫ్ట్‌వేర్‌లో 'కంప్లీట్ డిలీషన్' అన్నది పెట్టి ఉంటే, మిగతా జంతువులవి కూడా ఆ 130 అక్షరాలకే కత్తిరించి లెక్క వేస్తుంది. మీకు చెప్పకుండానే.

ప్రోటీన్ దొరకలేదు, డీఎన్‌ఏ మాత్రమే ఉంది అంటే మీరే అనువదించుకోవచ్చు. కానీ జెనెటిక్ కోడ్ జాబితాలో 'వెర్టిబ్రేట్ మైటోకాండ్రియల్' అన్నదే ఎంచుకోవాలి, అది 2వ పట్టిక. మామూలు కోడ్‌లో టీజీఏ అంటే ఆగు అని అర్థం, మైటోకాండ్రియాలో అదే ట్రిప్టోఫాన్. 1వ పట్టికతో అనువదిస్తే మధ్యమధ్యలో * గుర్తులు వస్తాయి. వాటిని చేత్తో చెరిపేసి ముందుకెళ్లిపోయేవాళ్లున్నారు, ఆ పని చేయకండి. ఏటీఏ కూడా మారుతుంది. మైటోకాండ్రియాలో అది మెథియోనిన్, మామూలు కోడ్‌లో ఐసోల్యూసిన్. దీనికి * కూడా రాదు, తప్పు చడీచప్పుడు లేకుండా లోపలికి వచ్చేస్తుంది.

సరైన పట్టికతో అనువదించినా మధ్యలో * వస్తోందా? అయితే అది బహుశా అసలు జన్యువు కాదు. మైటోకాండ్రియా ముక్కలు కొన్ని ఎప్పుడో కేంద్రకంలోకి చేరి, పనిచేయకుండా అక్కడే పడి ఉంటాయి. పీసీఆర్‌లో (డీఎన్‌ఏ ముక్కకు ల్యాబ్‌లో కాపీలు తీసే పద్ధతి) ఒక్కోసారి అవే దొరుకుతాయి. ఆ ఎంట్రీ పక్కన పెట్టి వేరేది వెతకండి.

4. పేర్లు సరిచేయండి

ఫాస్టాలో > గుర్తు ఉన్న లైన్‌లో పొడుగాటి వివరణ ఉంటుంది. దాన్ని జాతి పేరు ఒక్కటే ఉండేలా కుదించండి. ఖాళీల బదులు అండర్‌స్కోర్ పెట్టండి. రెండు ఎంట్రీలకు ఒకే పేరు ఉండకూడదు.

5. అలైన్ చేయండి

మెగాలో 'అలైన్' మెనూలోకి వెళ్లి కొత్త అలైన్‌మెంట్ తెరవండి. డీఎన్‌ఏనా ప్రోటీనా అని అడిగితే ప్రోటీన్ అనండి. సీక్వెన్స్‌లు అతికించి, అన్నిటినీ సెలెక్ట్ చేసి 'మజిల్' (అలైన్ చేసే ప్రోగ్రామ్) నొక్కండి. సెట్టింగ్‌లు ఏమీ మార్చక్కర్లేదు. పదకొండు సీక్వెన్స్‌లు కాబట్టి ఇలా నొక్కి అలా చూసేలోపు అయిపోతుంది.

6. కళ్లతో చూడండి

ఇది ఎవరూ చేయరు. చేస్తే చాలా కష్టాలు తప్పుతాయి. మొదటి పది అక్షరాలు చూడండి.

చిట్టెలుక: ఎం టీ ఎన్ ఎం ఆర్ కే టీ హెచ్ పీ ఎల్
ల్యాబ్ ఎలుక: ఎం టీ ఎన్ ఐ ఆర్ కే ఎస్ హెచ్ పీ ఎల్

నాలుగో చోట ఎం బదులు ఐ, ఏడో చోట టీ బదులు ఎస్. మిగతా ఎనిమిదీ ఒకటే. మనం పోల్చేదంతా ఇదే, దాదాపు 380 అక్షరాల పొడవునా. ఆ రెండు మార్పులూ స్వభావం దగ్గరగా ఉన్న అమైనో ఆమ్లాల మధ్యే జరిగాయని గమనించండి. ఇలాంటి మార్పులు తేలిగ్గా జరుగుతాయి, వెనక్కీ తిరుగుతాయి. ఊరికే తేడాలు లెక్కపెడితే చాలదు, మోడల్ (ఏ మార్పు ఎంత తేలిగ్గా జరుగుతుందో చెప్పే లెక్క) కావాలనేది అందుకే.

ఇక రెండు పరీక్షలు. ఒకటి, 270వ స్థానం దాటాక 'పీ ఈ డబ్ల్యూ వై' అనే నాలుగక్షరాలు వరసగా ఉంటాయి. అన్ని జంతువుల్లోనూ అవి నిలువుగా ఒకే వరుసలో నిలబడాలి. రెండు, హీమ్‌ను పట్టుకునే నాలుగు హిస్టిడిన్లు సుమారుగా 83, 97, 182, 196 స్థానాల్లో ఉంటాయి. అవి కదలకూడదు. ఏ జంతువుకైనా ఇవి తప్పాయంటే దాని సీక్వెన్స్‌లోనో ఫ్రేమ్‌లోనో (డీఎన్‌ఏను మూడేసి అక్షరాలుగా చదివే తీరులోనో) లోపం ఉన్నట్టే.

సైటోక్రోమ్ బీలో గ్యాప్‌లు దాదాపు ఉండవు, ఉంటే చివర్లో ఒకటో రెండో. మధ్యలో కుప్పలుగా గ్యాప్‌లు కనిపిస్తే చెట్టు వేయకండి, 3వ మెట్టుకు వెనక్కి వెళ్లండి. ఒక జంతువు వరుసలో పది పదిహేను అక్షరాలు వరసగా మిగతా ఎవరితోనూ కలవకపోతే అక్కడ ఫ్రేమ్ జారిందేమో చూడండి.

7. దూరాల పట్టిక

'డిస్టెన్స్' మెనూలో జంటల వారీ దూరాలు తీసి పీ-డిస్టెన్స్ చూడండి. 0.05 అంటే నూటికి ఐదు అక్షరాలు తేడా. ఇది పనిలో ఒక మెట్టు మాత్రమే, ఫలితం కాదు. తక్కువ దూరం ఉన్నవాళ్లే దగ్గరి చుట్టాలు అనుకోకండి. నెమ్మదిగా మారే ఇద్దరు దూరపు బంధువులు పైకి ఒకేలా కనిపించవచ్చు. పట్టిక అసలు ఉపయోగం తప్పులు పట్టడం. రెండు వేర్వేరు జాతుల మధ్య సున్నా వచ్చిందంటే ఒకే ఫైల్‌ను రెండుసార్లు అతికించారేమో చూడండి. ఒక జంతువుకు అందరితోనూ దూరం విపరీతంగా ఉంటే ఆ సీక్వెన్స్‌ను బ్లాస్ట్‌లో (సీక్వెన్స్ ఇస్తే దాన్ని పోలినవి వెతికే ఎన్‌సీబీఐ సాధనం) పెట్టి అది నిజంగా ఎవరిదో కనుక్కోండి. డేటాబేస్‌లో పేరు తప్పుగా ఉన్న ఎంట్రీలు ఉంటాయి.

8. మోడల్, చెట్టు

'మోడల్స్' మెనూలో ప్రోటీన్‌కు తగిన మోడల్ వెతకమనండి. వచ్చే జాబితాలో బీఐసీ (మోడల్ ఎంత బాగా నప్పిందో చెప్పే కొలత) అంకె ఎవరికి తక్కువో దాన్ని తీసుకోండి. మైటోకాండ్రియా ప్రోటీన్ కాబట్టి 'ఎంటీరెవ్' పైన కనిపిస్తే ఆశ్చర్యపోకండి. పక్కన ప్లస్ జీ అని ఉంటే గామా కూడా పెట్టాలి, అంటే అన్ని స్థానాలూ ఒకే వేగంతో మారవని సాఫ్ట్‌వేర్‌కు చెబుతున్నారన్నమాట.

తర్వాత 'ఫైలోజెనీ' మెనూలో మాక్సిమమ్ లైక్లీహుడ్ (మన సీక్వెన్స్‌లు రావడానికి ఎక్కువ అవకాశం ఉన్న చెట్టును వెతికే పద్ధతి). టెస్ట్ దగ్గర బూట్‌స్ట్రాప్ ఎంచుకుని 500 లేదా 1000 ఇవ్వండి. అలైన్‌మెంట్ నిలువు వరుసలను యాదృచ్ఛికంగా ఏరి, అన్నిసార్లు చెట్టు మళ్లీ వేసి, ఏ కొమ్మ నూటికి ఎన్నిసార్లు వచ్చిందో అది చెబుతుంది. టీ తాగి రండి. నైబర్ జాయినింగ్ (దూరాల పట్టిక నుంచి చెట్టు కట్టే పద్ధతి) క్షణాల్లో వస్తుంది గానీ దాన్ని పోలిక కోసమే ఉంచుకోండి. యూపీజీఎమ్ఏ వద్దు. అందరూ ఒకే వేగంతో మారారని అది అనుకుంటుంది, ఎలుకల విషయంలో అది నిజం కాదు.

9. చెట్టుకు వేరు పెట్టండి

సాఫ్ట్‌వేర్ ఇచ్చిన చెట్టుకు వేరు ఉండదు, తెర మీద ఉన్నట్టే కనిపిస్తుందంతే. మనిషి కొమ్మ మీద నొక్కి అక్కడ రూట్ పెట్టండి. "గినీ పంది అందరికంటే ముందు విడిపోయింది" అని రాసుకొచ్చే వాళ్లలో చాలామంది ఈ మెట్టు మరిచిపోయినవాళ్లే.

10. ఫలితం సరైందేనా?

జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు అడగండి. చిట్టెలుక, ల్యాబ్ ఎలుక, నల్ల ఎలుక ఒక గుంపుగా ఉండి, హామ్‌స్టర్ వాటి బయట ఉందా? పందికొక్కు రాటస్ వైపు చేరిందా? గినీ పంది, ముళ్లపంది, మోల్ ర్యాట్ ఒకచోట ఉన్నాయా? కుందేలు రోడెంట్ల బయట ఉందా? మొదటి రెండూ తప్పితే మీ ఫైల్‌లో లోపం ఉంది, వెతకండి. చివరి రెండూ తప్పితే లోపం మీది కాకపోవచ్చు.

ఎందుకంటే ఎలుకల వర్గం, ఉడుతల వర్గం, గినీ పంది వర్గం విడిపోయి కోట్ల ఏళ్లయింది. ఒక్క సైటోక్రోమ్ బీలో ఉన్న 380 అక్షరాలకు అంత పాత సంగతి గట్టిగా చెప్పే బలం లేదు. అక్కడ బూట్‌స్ట్రాప్ 40, 50 రావడం మామూలే. 70 దాటితే కొంత నమ్మొచ్చు. ఐక్యూ-ట్రీలోని అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్ వాడితే మాత్రం గీత 95 దగ్గర, 70 కాదు. ఆ రెండు రకాల అంకెలూ కలిపేయకండి. 70 కంటే తక్కువ వచ్చిన చోట "తేలలేదు" అని రాయండి, మార్కులేం పోవు. ఇంకోటి, బూట్‌స్ట్రాప్ 98 వచ్చిందంటే మీ డేటా అదే మాట పదేపదే చెబుతోందని మాత్రమే అర్థం. అబద్ధాన్ని కూడా పదేపదే చెప్పొచ్చు.

అందుకే కదిలించి చూడండి. మోల్ ర్యాట్ తీసేసి మళ్లీ వేయండి. మనిషిని తీసేసి కుందేలు ఒక్కదాన్నే బయట పెట్టండి. మోడల్ మార్చండి. ఎన్ని చేసినా నిలబడిన కొమ్మలనే రిపోర్టులో గట్టిగా చెప్పండి. ఉడుత ఒకసారి ఎలుకల వైపు, ఒకసారి గినీ పంది వైపు ఊగుతుంటే ఆ ఊగడాన్నే రాయండి.

ఇంకా తేలకపోతే

లోతైన కొమ్మలు కావాలంటే అక్షరాలు పెంచాలి. మైటోకాండ్రియాలో 13 ప్రోటీన్లున్నాయి. ఎన్‌డీ6 ఒక్కటి డీఎన్‌ఏ ఎదుటి పోగు మీద ఉండి కూర్పు వేరుగా ఉంటుంది కాబట్టి చాలామంది దాన్ని వదిలేసి మిగతా 12 కలిపి వాడతారు. ఒక్కోదాన్నీ విడిగా అలైన్ చేసి తర్వాత అతికించండి, అతికించి అలైన్ చేయకండి. కేంద్రకంలోని జన్యువుల్లో ఐఆర్‌బీపీ, వీడబ్ల్యూఎఫ్ రోడెంట్ల కోసం బాగా వాడినవి. వాటిని విడిగా చెట్టు వేసి, సైటోక్రోమ్ బీ చెట్టుతో పోల్చండి.

దగ్గరి జాతుల సంగతైతే దీనికి తలకిందులు. రెండు రకాల పందికొక్కులను, లేదా మీ ఊరి నల్ల ఎలుకలను పక్క రాష్ట్రపు వాటిని పోల్చాలంటే ప్రోటీన్‌లో తేడాలు చాలవు. అదే జన్యువు డీఎన్‌ఏ తీసుకోండి. ప్రోటీన్‌ను మార్చని మార్పులు డీఎన్‌ఏలో దాగి ఉంటాయి.

"ఎన్ని లక్షల ఏళ్ల కిందట విడిపోయాయి?" అని మాత్రం ఈ చెట్టును అడగకండి. చిట్టెలుక, ల్యాబ్ ఎలుక సీక్వెన్స్‌లు మనిషివాటి కంటే వేగంగా మారతాయి. కొమ్మ పొడవును స్కేలుతో కొలిచి కాలం చెబితే అది లెక్క కాదు. దానికి శిలాజాల ఆధారం, వేరే సాఫ్ట్‌వేర్ కావాలి.

నాకు మెయిల్ పెట్టేటప్పుడు చెట్టు బొమ్మ ఒక్కటే పంపకండి. అలైన్‌మెంట్ ఫైల్, ఎక్సెల్ షీట్, వాడిన మోడల్ పేరు, బూట్‌స్ట్రాప్ ఎన్నిసార్లు, రూట్ ఎక్కడ పెట్టారు, ఇవన్నీ పంపండి. బొమ్మ చూసి నేను చెప్పగలిగింది ఒక్కటే, గినీ పంది ఎక్కడ కూర్చుందో. అది మీకూ కనిపిస్తోంది కదా.